ఎండను పండించే పొలాలు



కర్ణాటకలోని తుమకూరు జిల్లాలో, ఆంధ్ర సరిహద్దును ఆనుకొని ఉన్న తాలూకా పావగడ. అక్కడ ఎన్నో ఇళ్ళలో తెలుగు, కచేరీలో కన్నడం. వేరుశనగ వేసి వాన కోసం ఆకాశం చూడడం ఆ రైతులకు తరతరాల అలవాటు. వానకు కరువేగానీ, ఎండకు కరువు లేదు. ఆ ఎండే ఇప్పుడక్కడ పంట అయింది.

తిరుమణి, వళ్ళూరు తదితర ఐదు గ్రామాల పరిధిలో, సుమారు 13,000 ఎకరాల్లో సౌర విద్యుత్ పార్కు వెలిసింది. 2018లో మొదలై, 2019 చివరికి 2,050 మెగావాట్ల సామర్థ్యానికి చేరింది. సిలికాన్ పలక మీద వెలుతురు పడితే అందులోని ఎలక్ట్రాన్లు కదులుతాయి. ఆ కదలికే విద్యుత్తు. దాన్ని మన ఇళ్ళలో వాడే రకం విద్యుత్తుగా ఇన్వర్టరు మారుస్తుంది. ఒక విచిత్రం ఏమిటంటే, పలకకు కావలసింది వెలుతురేగాని వేడి కాదు. వేడెక్కిన కొద్దీ ఉత్పత్తి తగ్గుతుంది.

పావగడలో అసలు కొత్తదనం పలకల్లో కంటే ఒప్పందంలో ఉంది. భూమిని కొనలేదు, కౌలుకు తీసుకున్నారు. ఎకరాకు ఏటా 21,000 రూపాయలతో మొదలుపెట్టి, రెండేళ్ళకోసారి 5 శాతం పెంచాలని నిర్ణయించారు. భూమి రైతు పేరు మీదే ఉంటుంది. వాన మొహం చాటేసినా కౌలు వస్తుంది.

మరి, ఆ కౌలు ఎవరికి? పట్టా ఉన్నవారికి. కలుపు తీసి, కాయ కోసి బతికిన కూలీలకు పట్టా లేదు. బీడులో గొర్రెలు మేపిన కాపరికీ లేదు. వారికి పొలంతో పాటు పనీ పోయింది.

దీనికి మార్గం చూపగల ఆలోచన ఒకటుంది. పలకలను ఎత్తుగా, ఎడంగా నిలిపి కింద సేద్యం చేయవచ్చునని 1982లోనే జర్మనీ శాస్త్రవేత్తలు గోట్జ్‌బెర్గర్, జాస్ట్రో ప్రతిపాదించారు. నీడలో నేల తడి త్వరగా ఆరదు. మొక్కలు విడిచే ఆవిరి పలకలను కొంత చల్లబరుస్తుంది. జపాన్ 2013లో ఇందుకు అనుమతిస్తూ, దిగుబడి ఆ ప్రాంతపు సగటులో 80 శాతానికి తగ్గకూడదని షరతు పెట్టింది. అమెరికా, ఆస్ట్రేలియాల్లో పలకల మధ్య గొర్రెలను మేపుతున్నారు. గొర్రెకు మేత దొరుకుతుంది, గడ్డి కోసే ఖర్చు తగ్గుతుంది.

ఇబ్బందులూ లేకపోలేదు. ఎత్తు పెరిగితే ఇనుము ఖర్చు పెరుగుతుంది. అన్ని పంటలకూ నీడ పడదు. అయినా పలకలు పాతేముందే ఆలోచించవలసిన విషయమిది. పాతాక మార్చడం కష్టం.

రేపు మన ఊరికీ ఇలాంటి కౌలు పత్రాలు రావచ్చు. అప్పుడు ఎకరాకు ఎంత అన్న ప్రశ్నతో ఆగిపోకండి. పలకల కింద ఏం పండుతుంది, ఎవరికి పని ఉంటుంది అని కూడా అడగండి.