పాటిదిబ్బ పెంకులు: సేకరణ, సంరక్షణ

పూర్వం ఊళ్ళుండి పాడుబడిన చోట ఎత్తుగా మిగిలిపోయిన మట్టిని ఒంగోలు ప్రాంతంలో పాటిదిబ్బ అంటారు. ఆ మట్టి చేలకు సత్తువనిస్తుందని రైతులు తవ్వి తోలుకోవడం, దానితో బయటపడిన కుండ పెంకులను గట్టున పారవేయడం పరిపాటి కాగా, వాటిలో నునుపైనవి ఏరి ఇంట దాచుకునే ఆసక్తిపరులూ లేకపోలేదు.

ఈ పెంకుల్లో తేలికగా గుర్తుపట్టదగినవి జనం రాక్షసగుళ్ళని పిలిచే బృహత్‌శిలా సమాధుల కాలానికి చెందిన నలుపు–ఎరుపు పాత్రలవి. కుండను ఊకలోనో బూడిదలోనో బోర్లించి కాల్చినందువల్ల గాలి అందని లోపలి భాగం, మూతి అంచు నల్లబడ్డాయనీ, గాలి తగిలిన వెలుపలి మట్టిలోని ఇనుము ఎర్రబారిందనీ శాస్త్రజ్ఞులు వివరిస్తారు. లోపలి గోడపై సన్నని గీతలు వరుసగా చుట్టుకుని ఉంటే అది సారెపై తీసిన కుండ. ఎగుడుదిగుడుగా వేలి నొక్కులే కనిపిస్తే చేతితో మలచినది. ఆ సమాధుల్లోని కాళ్ళున్న మట్టి శవపేటికలు ఈ రెండో రకానివి.

అయితే పెంకు విలువ దాని అందంలో కంటే దొరికిన చోటులోనే ఎక్కువగా ఉంది. కాకతి గణపతిదేవుడు విదేశీ వర్తకులకు రక్షణనిస్తూ 1244లో అభయశాసనం వేయించిన మోటుపల్లి రేవులో చైనా పింగాణి పెంకులు దొరికాయి. ఆ మట్టిలో దొరికినందువల్లనే అవి ఓడవర్తకానికి సాక్ష్యమయ్యాయి కాని, ఊరూ పేరూ లేకుండా అంగడి అరకెక్కి ఉంటే వట్టి రంగు ముక్కలే.

ఇంట ఉన్న పాత కుండకు పెద్ద శత్రువు ఉప్పు. మట్టిలో ఉండగా పీల్చుకున్న లవణాలు తేమ మారినప్పుడల్లా కరిగి, మళ్ళీ గడ్డకట్టి పైపొరను పెచ్చులుగా ఊడదీస్తాయి. సముద్రపు గాలి తగిలే ఈ సీమలో ఇది మరీ ఎక్కువ. చింతపండుతో తోమడం, నూనె రాయడం, తక్కువ వేడిలో కాలిన పాత్రను నీట నానబెట్టడం మూడూ చేటే. మెత్తని కుంచెతో దుమ్ము దులిపి, అంచు పట్టి ఎత్తక అడుగున రెండు చేతులూ ఆనించి, ఎండ సోకని చోట ఉంచితే చాలు. విరిగినదాన్ని బజారు జిగురుతో అతికించరాదు; సంరక్షకులు అసిటోన్‌లో కరిగి మళ్ళీ ఊడివచ్చే పారలాయిడ్ వంటి జిగురే వాడతారు.

1972 నాటి పురావస్తువుల చట్టం ప్రకారం నూరేళ్ళు దాటిన కుండ పురావస్తువే. దానిని వ్యాపారంగా అమ్మాలంటే లైసెన్సు కావాలి, విదేశాలకు పంపడం ప్రైవేటు వ్యక్తులకు నిషిద్ధం. భూమిలో దొరికిన వస్తువు విలువ 10 రూపాయలు మించితే కలెక్టరుకు తెలపాలని 1878 నాటి నిక్షేపాల చట్టం చెబుతుంది. ఆ పది నేడు ఒక టీ ఖరీదు. కనుక దుక్కిలో కుండ తగిలినప్పుడు పైకి లాగక, అక్కడే మట్టి కప్పి, ముందు రెవెన్యూ కార్యాలయానికి కబురు చేయండి.