ఇంటికి ఐస్‌క్రీము యంత్రము

పిల్లల కోరికపై మెత్తని ఐస్‌క్రీము చేయు యంత్రమును కొనదలచువారు మొదట ఒక ప్రశ్న వేసికొనవలెను: దీనికి చల్లదనము ఎచ్చటినుండి వచ్చును?

చౌకరకములకు గిన్నెయే ప్రాణము. దాని జంటగోడల నడుమ ద్రవముండును. ఆ గిన్నెను ఫ్రీజరులో, సున్నకు దిగువ 18 డిగ్రీల వద్ద, ఒక పగలు ఒక రాత్రి ఉంచినగాని పని జరుగదు. నడుమ విద్యుత్తు పోయెనా, పాలు పాలుగనే మిగులును! గిన్నె మన ఫ్రీజరులో పట్టునో లేదో ముందుగా కొలుచుకొనవలెను. కంప్రెసరు గలదానికి ఈ చిక్కులు లేవు. వెల మాత్రము అధికము.

ఇక చేతితో త్రిప్పునది. 1843లో అమెరికాలో నాన్సీ జాన్సన్ అను వనిత ఇట్టిదానికి పేటెంటు పొందెను. డబ్బా చుట్టును మంచుగడ్డలు, ఉప్పు కలిపి వేయుదురు. ఉప్పు తగిలిన మంచు సున్న డిగ్రీలకు దిగువనే కరగును. కరగుటకు వలయు వేడిని లోని పాలనుండి లాగికొనును. మూత బిగువుగా లేనిచో ఉప్పునీరు లోనికి దిగును, జాగ్రత్త. విద్యుత్తు నిలకడలేని ఊళ్లకు నేను దీనినే మెచ్చుకొందును. పిల్లలకు సైన్సు పాఠము కూడ అగును.

ఏ రకమైనను, చిలుకునపుడు చేరిన గాలివలనను, పూర్తిగా గడ్డకట్టకపోవుటవలనను ఐస్‌క్రీము మెత్తగనుండును. కావున తీసిన వెంటనే తినవలెను. ఫ్రీజరులో నిలువయుంచినచో గట్టిపడును.