అంకె వేసిన రాళ్లు
డేటాబేసు లేకుండ వెబ్‌సైటును నిర్మించుకొను విధము

నంద్యాల జిల్లాలో నందికొట్కూరు చెంతనున్న పగిడ్యాల ప్రాంతపు పల్లెలకు శ్రీశైల జలాశయము ఒక్కొక్క ఋతువునందు ఒక్కొక్క ముఖము చూపును. వానకాలమున కృష్ణ పొంగి వచ్చి జలాశయము నిండినప్పుడు, సప్తనదీ సంగమమని పేరొందిన సంగమేశ్వరమునందలి పురాతనాలయము నీటిలో మునిగిపోవును. ఎండలు ముదిరి, నీరు వెనుకకు తగ్గి, బురద ఆరిన పిమ్మట ఆ గుడి మరల నేలమీద నిలిచి పూజలందుకొనును. 1981 ప్రాంతమున ఆ జలాశయము నిండిననాడు మునిగినది ఒక్క గుడియే కాదు. నదిని నమ్ముకొని తరతరములుగా బ్రదికిన ఊళ్లు, పొలములు, రచ్చబండలు ఎన్నియో మునిగినవి. అయినను మునుగవలసిన గుళ్లన్నియు మునిగిపోలేదు. కృష్ణా తుంగభద్రల కూడలియందుండిన కూడవెల్లి సంగమేశ్వరాలయమును రాతికి రాయి విడదీసి, ఏ రాయి ఎచ్చటిదో తెలియునట్లు అంకెలు వేసి, అలంపురమునకు తరలించి, ఆ వరుస తప్పకుండ మరల పేర్చి నిలిపినారు. నేడు దానిని చూచువారికి అది వేరొకచోట పుట్టినదని చెప్పినగాని తెలియదు.

వెబ్‌సైటును గూర్చి చెప్పబూని గుడిని గూర్చి చెప్పుట ఎందుకనగా, ఈ రెంటికిని ఉన్న ప్రశ్న ఒక్కటే. కట్టినది నిలుచునా అనునది కాదు ఆ ప్రశ్న. నిలువలేని దినము వచ్చినప్పుడు విడదీసి, మోసికొనిపోయి, మరియొకచోట పేర్చుకొనుటకు వీలుగా కట్టితిమా అనునది.

వెబ్‌సైటులకు ఆదియందు ఈ చిక్కు లేకుండెను. 1991లో టిమ్ బెర్నర్స్-లీ స్విట్జర్లాండునందలి సెర్న్ పరిశోధనాలయమునుండి మొదటి వెబ్‌సైటును లోకమునకు తెఱచినప్పుడు, పుట ఒక్కొక్కటి ఒక్కొక్క ఫైలు. అడిగినవారికి ఆ ఫైలును అట్లే పంపుట తప్ప సర్వరునకు వేరొక పని లేదు. కాని పుటలు పదియైనప్పుడు ముచ్చటగా నుండు ఈ ఏర్పాటు నూరైనప్పుడు తలనొప్పి యగును. పైభాగమున పేరు మార్చవలెనన్న నూరు ఫైలులను తెఱచి నూరుమారులు మార్చవలెను. వ్రాయువాడు కథ తెలిసినవాడైన చాలదు, పుటను అలంకరించు సంకేతభాషయు తెలిసినవాడు కావలెను. ఈ బాధను తీర్చుటకై పుట్టినదే కంటెంట్ మేనేజ్‌మెంట్ సిస్టం. విషయమును ఒకచోటను, అలంకారమును మరియొకచోటను ఉంచి, చదువరి వచ్చినప్పుడు రెంటిని జతపఱచి చూపు యంత్రాంగమని దానిని స్థూలముగా చెప్పవచ్చును.

ఆ విషయమును భద్రపఱచుటకు నేడు పెక్కుమంది వాడునది డేటాబేసు. అది మన పూర్వపు గ్రామములలోని కరణముగారి వంటిది. ఏ సర్వే నంబరు ఎవరిదో, ఎవరి శిస్తు ఎంత బాకీయో, ఎవరి పొలమునకు ఎవరు ఎల్లయో అడిగిన తడవుగా చెప్పగలిగినవాడు ఆయన యొక్కడే. ఆయన కవిలెకట్టలో ఏది ఎచ్చటనున్నదో ఆయనకు తప్ప అన్యులకు తెలియదు. ఆయన ఉన్నంతకాలము ఊరి పని చకచక సాగును. ఆయన పొరుగూరికి పోయిన దినమున కట్ట ఎదుటనే యున్నను పని ఆగిపోవును. డేటాబేసు విషయమును అట్లే తనదైన గుప్తరూపమున దాచుకొనును. దానిని నడపు ప్రోగ్రాము ప్రత్యేకముగా నడుచుచుండవలెను, దానికొక పేరు, పాస్‌వర్డ్ ఉండవలెను, కాలానుగుణముగా కొత్త కూర్పులకు మార్చుచుండవలెను. వెబ్‌సైటును ఒక సర్వరునుండి మరియొకదానికి తరలింపవలెనన్న, మొదట కరణమును ఒప్పించి లెక్కలన్నియు పైకి తీయించి, కొత్త ఊరి కరణమునకు అప్పగింపవలెను. బ్యాంకునకో రైలు రిజర్వేషనుకో ఇంత ఏర్పాటు అత్యవసరమే. కాని డెబ్బది పుటల గ్రామచరిత్రకు ఇంత కచేరి అవసరమా?

అవసరము లేదని చెప్పుటకు తార్కాణము చిన్నది కాదు. 2001 జనవరి 15న వికీపీడియా పుట్టినప్పుడు అది క్లిఫర్డ్ ఆడమ్స్ రచించిన యూజ్‌మాడ్‌వికీ అను ప్రోగ్రాముపై నడిచెను. అందు పుటలన్నియు సాధారణమైన ఫైలులుగానే యుండెను. ఏడాది గడచి, వ్రాయువారును చదువువారును వెల్లువయైన పిమ్మట, 2002 జనవరిలోగాని అది డేటాబేసునకు మారలేదు. 2003 డిసెంబరులో ఆరంభమైన మన తెలుగు వికీపీడియా ఆ మార్పు తరువాతది గనుక పుట్టుకతోనే డేటాబేసుగలది. ఇక ఆండ్రియాస్ గోర్ 2004లో వెలువరించిన డోకువికీ నేటికిని పుటలను ఫైలులుగానే దాచుచున్నది. 2008లో టామ్ ప్రెస్టన్-వెర్నర్ రచించిన జెకిల్ ఇంకొక అడుగు ముందుకు వేసి, చదువరి రాకముందే పుటలన్నిటిని వండి వార్చి సిద్ధముగా నుంచు పద్ధతిని ప్రచారమునకు తెచ్చెను.

పగిడ్యాలలో ఒక ఉపాధ్యాయుడు తన ప్రాంతపు ముచ్చట్లను, గుళ్ల వివరములను, ముంపునకు ముందటి ఊళ్లను గూర్చి పెద్దలు చెప్పిన జ్ఞాపకములను ఒక వెబ్‌సైటులో కూర్చదలచినాడనుకొందము. ఆయన చేయవలసిన మొదటి పని మూడు ఫోల్డరులను ఏర్పఱచుట. ఒకదానిలో వ్యాసములు, రెండవదానిలో బొమ్మలు, మూడవదానిలో టెంప్లేట్, అనగా పుటకు చట్రము. వ్యాసమునకు ఒక్కొక్క ఫైలు. ఫైలు తలకట్టున నాలుగు పంక్తులలో శీర్షిక, తేదీ, విభాగము, రచయిత పేరు. ఆపైన ఒక పంక్తి ఖాళీ విడిచి అసలు విషయము. పేరా మార్పు, ఉపశీర్షిక, ఒత్తి చెప్పవలసిన మాట మొదలగువానికి 2004లో జాన్ గ్రూబర్ ప్రకటించిన మార్క్‌డౌన్ గుర్తులు చాలును. ఒక పూటలో నేర్చుకొనదగినవి. రాతిపై వేసిన అంకె వంటిది ఈ తలకట్టు: ఫైలు ఏదో, ఎచ్చటిదో, ఎప్పటిదో తెలుపునది ఆ ఫైలులోనే యుండును గాని వేరొక పుస్తకములో నుండదు.

ఇక కావలసినది పీహెచ్‌పీ వంటి భాషలో రెండు మూడు వందల పంక్తులకు మించని చిన్న ప్రోగ్రాము. చదువరి ఒక పుటను అడిగినప్పుడు అది చిరునామాను చూచి, ఆ పేరుగల ఫైలును తెఱచి, తలకట్టును విషయమును విడదీసి, మార్క్‌డౌన్ గుర్తులను పుట రూపమునకు మార్చి, చట్రములో అమర్చి పంపును. మొదటి పుటయందలి పట్టికకై ప్రతిమారు ఫైలులన్నిటిని తెఱచి చూచుట దండుగ గనుక, వ్యాసము మారినప్పుడెల్ల తలకట్టులను మాత్రము ఏరి ఒక సూచిక ఫైలును వ్రాసికొనును. ఆ సూచిక చెడిపోయినను భయము లేదు. తుడిచివేసిన, మూలమునుండి మరల పుట్టును.

వ్రాయువారికై ఒక అడ్మిన్ గది కావలెను. అందు వ్యాసమును వ్రాసి మీట నొక్కిన ఫైలు సిద్ధమగును. ఇచ్చట మూడు జాగ్రత్తలు తప్పనిసరి. మొదటిది, పాత ఫైలుపై తిన్నగా వ్రాయరాదు. నడుమ కరెంటు పోయిన సగము వ్యాసమే మిగులును. వేరొక తాత్కాలికమైన ఫైలులో పూర్తిగా వ్రాసి, ఆపైన పేరు మార్చి పాతదాని స్థానమున నుంచవలెను. రెండవది, ఇద్దరు ఒకేసారి దిద్దకుండ గడియ పెట్టవలెను. మూడవది అన్నిటికన్న ముఖ్యము: చిరునామాలో వచ్చిన పేరును నమ్మి ఏ ఫైలునైనను తెఱవరాదు. చిరునామాలో చుక్కలను గీతలను చొప్పించి, వ్యాసముల ఫోల్డరు గడప దాటి పైకెక్కి, రహస్యములున్న గదిలోనికి తొంగిచూడగల జాణలు కలరు. సూచికలో ఉన్న పేర్లకు మాత్రమే తలుపు తీయుట ఉత్తమము. డేటాబేసు లేదు గనుక దానికి కన్నము వేయు దొంగల బెడద లేదు. అంతమాత్రమున ఇల్లు తెఱచి నిద్రపోదగదు.

తెలుగు వ్రాయువారికి మరియొక మెళకువ కలదు. యూనికోడు సర్వత్ర వ్యాపింపకముందు ఎవరి ఫాంటునకు వారు తోచిన సంకేతములను పెట్టుకొనుటచే, ఆ ఫాంటు లేనివారికి తెలుగు కాస్తా పిచ్చిగీతలై కనబడెను. ఫైలు బ్రదికియుండియు మాట చచ్చిపోయెను. కావున ప్రతి ఫైలును యూటీఎఫ్-8 పద్ధతిలోనే దాచవలెను. ఈ పద్ధతిలో తెలుగు సంకేతము ఒక్కొక్కటి మూడు బైట్లను ఆక్రమించును. పగిడ్యాల యను మాట మన కంటికి నాలుగక్షరములే. కంప్యూటరునకు అది గుణింతములు, పొల్లు, యవత్తు విడివడి ఎనిమిది సంకేతములు, ఇరువదినాలుగు బైట్లు. పట్టికలో చూపుటకు వ్యాసపు మొదటి భాగమును బైట్ల లెక్కన తెగగోసిన అక్షరము నడుమ కత్తి పడి చివర చతురస్రమో ప్రశ్నార్థకమో మిగులును. సంకేతముల లెక్కన కోసినను ఒత్తు ఊడి మాట వికారమగును. మాట మాటకు నడుమ నున్న ఖాళీ కడ కోయుటయే మర్యాద.

ఈ పద్ధతికి హద్దులు లేవని చెప్పుట అతిశయోక్తి. వ్యాసములు వేలకొలది యైనప్పుడు వెదకుట మందగించును. వందలమంది ఒక్క క్షణమున వ్రాయుచోట గడియల కొట్లాట బయలుదేఱును. ఏ రైతు ఏ ఋతువున ఏ పంట ఎంత వేసెనో పలు విధముల తిరుగవేసి అడుగవలసినచోట కరణముగారు లేక జరుగదు. కాని గ్రంథాలయము, పాఠశాల, గుడి, ఆళ్లగడ్డ శిల్పుల కార్ఖానా, స్వయముగా పద్యములు వ్రాసికొను కవి, వీరందఱకును విషయము మెల్లగా పెరుగును, వ్రాయువారు ఒకరిద్దరు, చదువువారు పెక్కుమంది. ఇట్టివారికి ఫైలులే చాలును. పుటలను ముందుగానే వండియుంచుకొనినచో చవుక హోస్టింగుపైనను, సిగ్నలు అంతంతమాత్రముగా నుండు పల్లెలోని ఫోనుపైనను అవి చప్పున తెఱచుకొనును.

బ్యాకప్ యను మాట ఇచ్చట ఎంత తేలికయో చూడుడు. మన ఉపాధ్యాయుడు నెలకొకమారు ఆ మూడు ఫోల్డరులను పెన్‌డ్రైవులోనికి ఎత్తుకొని, ఒక ప్రతిని పాఠశాల బీరువాలోను, ఒక ప్రతిని పొరుగూరి మిత్రుని కంప్యూటరులోను ఉంచును. ఒకనాడు హోస్టింగు సంస్థ మూతపడవచ్చును, తాను నమ్మిన ప్రోగ్రాము మూలబడవచ్చును. అప్పటికి పీహెచ్‌పీ తెలిసినవారే కరవు కావచ్చును. అయినను ఏ పాత కంప్యూటరులోనైనను సాదా నోట్‌ప్యాడుతో ఆ ఫైలును తెఱచిన, తలకట్టున ఊరిపేరు, తేదీ, చెప్పిన పెద్దాయన పేరు, దిగువ ఆయన మాటలు కనబడును. వానిని కొత్త చట్రములో పేర్చుకొనుట తరువాతివారి పని. అలంపురమున గుడిని మరల నిలిపినవారు దానిని మొదట కట్టిన చాళుక్యులనాటి శిల్పులను ఎఱుగరు. వారికి ఆ శిల్పులతో పని పడలేదు, రాళ్లపై అంకెలుండినవి.