కలంకారీ చీర: రంగెంత, రెక్కల కష్టమెంత?

శ్రీకాళహస్తి అనగానే బయటి ఊళ్లవాళ్లు గుడిని, రాహుకేతు పూజను తలుచుకుంటారు. బట్టల మీద మక్కువ ఉన్నవాళ్లయితే కలంకారీ అంటారు. ఈ రెండో పేరు ఇప్పుడు జౌళి దుకాణాల్లోనే కాదు, సెల్‌ఫోన్‌లో బట్టలమ్మే యాప్‌లలో కూడా మారుమోగుతోంది. జాకెట్టు మీద కలంకారీ, చేతిసంచి మీద కలంకారీ, చివరికి దిండు గలేబు మీద కూడా కలంకారీ. అయితే ఆ పేరుతో అమ్మే చీర ఒకచోట వందల్లో దొరుకుతుంది, ఇంకోచోట వేలల్లో పలుకుతుంది. కొనేవాళ్లు సహజంగానే వందల చీర వైపు చెయ్యి చాపుతారు. వేల చీర అమ్మేవాడు మోసగాడేమో అని కూడా అనుకుంటారు.

ఈ తేడా ఎక్కడ నుంచి వస్తుందో తెలుసుకోవడం మనకు వట్టి కాలక్షేపం కాదు. మాలో కొందరి ఇళ్లలో అమ్మలు, అక్కలు ఈ రంగుల పనికి పోతారు. సెలవులకు ఇంటికి వెళ్లినప్పుడు వాళ్ల వేళ్లకు అంటిన రంగు చూస్తుంటాం. వాళ్లు నింపిన చీర ఎంతకు అమ్ముడుపోయిందని అడిగితే చాలామందికి తెలియదు. అందుకే ఈ సంవత్సరం సంచికలో ఈ విషయం రాద్దామని అనుకున్నాం.

ముందు పని ఎలా జరుగుతుందో చూద్దాం. కొత్త ముడిగుడ్డ తెచ్చి, గంజి పోయేదాకా ఉతికి ఆరబెడతారు. తర్వాత కరక్కాయ పొడి, పాలు కలిపిన నీళ్లలో నానబెట్టి, పిండి ఎండలో వేస్తారు. కొవ్వు బాగా ఉంటుందని గేదెపాలే వాడతారు. పాలెందుకు? రాసిన సిరా గుడ్డ మీద పాకకుండా కొవ్వు ఆపుతుంది. మరి కరక్కాయ ఎందుకు? దానిలో ఉండే వగరు పదార్థం, అంటే టానిన్, గుడ్డలోకి ఇంకి కూర్చుంటుంది. అసలు పని మొదలయ్యేది అక్కడే.

చింతపుల్లలు కాల్చిన బొగ్గుతో బొమ్మ గీసుకుంటారు. దాని మీద నల్లగీత వేయడానికి సిరా కావాలి. తుప్పు పట్టిన ఇనుప ముక్కలు, బెల్లం, నీళ్లు కుండలో వేసి కొన్ని వారాలు పులియబెడితే వచ్చే ద్రవమే ఆ సిరా. దీన్ని కసిం అంటారు. విచిత్రం ఏమిటంటే కుండలో ఉన్నప్పుడు అది నల్లగా ఉండదు. కరక్కాయ పట్టించిన గుడ్డను తాకగానే నల్లబడుతుంది. ఇనుము, టానిన్ కలిసి నల్లని పదార్థం ఏర్పడుతుంది. ఇనుప కత్తితో అరటిపువ్వు తరిగితే కత్తి నల్లబడడం మన వంటగదిలో అందరూ చూసిందే, ఇదీ అదే రసాయన చర్య. పదో తరగతి ల్యాబులో పరీక్షనాళికతో చేసే ప్రయోగం కన్నా ఇది బాగా గుర్తుంటుందని మా అభిప్రాయం.

కలం అంటే వెదురు పుల్ల. ఒక కొసను సన్నగా చెక్కి, దాని పైన ఉన్నిగానీ గుడ్డగానీ చుట్టి దారంతో కడతారు. ఆ చుట్ట సిరాను పీల్చుకుని ఉంటుంది. వేళ్లతో దాన్ని నొక్కే బలాన్ని బట్టి సిరా దిగుతుంది. గట్టిగా నొక్కితే చుక్క పడుతుంది, తక్కువైతే గీత తెగుతుంది. అదుపు రావడానికి నెలలు పడుతుంది. సీతమ్మ కన్ను, హనుమంతుడి తోక వంపు ఒకే ఊపులో గీయాలంటే సంవత్సరాలు పడుతుంది.

ఎరుపు రంగు వేసే పద్ధతి ఇంకా చిత్రంగా ఉంటుంది. ఎర్రగా కావలసిన చోట ఎరుపు పూయరు, పటిక నీళ్లు పూస్తారు. ఒకరోజు ఆగి, పారే నీళ్లలో బాగా జాడిస్తారు. తర్వాత మంజిష్ఠ వంటి వేర్లు, చెక్కలు వేసి మరిగించిన నీళ్లలో ఆ గుడ్డను ఉడకబెడతారు. పటిక ఉన్న చోట ఎరుపు పట్టుకుంటుంది, లేని చోట నిలవదు. జాడించడానికి నీళ్లు చాలకపోతే పటిక పక్కకు పాకుతుంది, బొమ్మ ముఖమంతా ఎర్రబారి చీర పాడవుతుంది. ఆ తర్వాత తెలుపు తేలడానికి మళ్లీ ఉతకడం, ఎండబెట్టడం. మళ్లీ పాలు పట్టించి పసుపురంగు, తర్వాత నీలిమందు. పసుపు మీద నీలం పడితే ఆకుపచ్చ. ప్రతి రంగుకూ ఒక ఉతుకు ఉంది. ఈ కళ స్వర్ణముఖి ఒడ్డున పెరగడానికి ఒక కారణం గుడి అయితే ఇంకో కారణం నీళ్లు.

ఇంత పనినీ స్క్రీన్ ప్రింటింగ్ తప్పించేస్తుంది. మన చీర మీది బొమ్మను ఫోటో తీసి, తెర తయారు చేసి, రసాయన రంగులు తోస్తే ఒక్కరోజులో ఎన్నో చీరలు సిద్ధమవుతాయి. ప్రింటు చీర కట్టుకోవడం తప్పేమీ కాదు. మా ఇళ్లలో ఆడవాళ్లు కట్టుకునేవి చాలావరకు అవే. కానీ ప్రింటును చేతిపని అని చెప్పి అమ్మడం తప్పు. మధ్యరకం ఒకటి ఉంది, గీత చేత్తో గీసి రంగులు మాత్రం రసాయనాలవి నింపడం. అది సగం నిజం. ఆ మాట చెప్పి అమ్మితే చాలు. మచిలీపట్నం, పెడన వైపు చేసేది మాత్రం ఈ లెక్కలోకి రాదు. అక్కడ చెక్క అచ్చులతో అద్దుతారు. అదీ పాత కళే, కలంకారీ పేరుకు దానికీ హక్కుంది.

చూసి కనుక్కోవడం మరీ కష్టం కాదు. ఒకే పువ్వు రెండుచోట్ల ఉంటే రెండింటినీ పక్కపక్కన పెట్టి చూడాలి. చేత్తో గీసినవైతే రెండూ ఒకేలా ఉండవు. గీత మందం ఒకచోట ఎక్కువ, ఒకచోట తక్కువ ఉంటుంది. గుడ్డ తిరగేస్తే రంగు లోపలికి ఇంకినట్టు కనబడుతుంది. కొత్త చీరకు కరక్కాయ, పాలు కలిసిన ఒక వాసన ఉంటుంది, కొందరికి అది నచ్చదు కూడా. కళ్లు చెదిరే గులాబీ, ముదురు ఊదా కనబడితే అనుమానించవచ్చు.

ఈ రంగుల కోసం ఒకప్పుడు దేశాలు చట్టాలు చేసుకున్నాయి. మన కోరమాండల్ తీరం నుంచి వెళ్లిన రంగుల నూలుగుడ్డల దెబ్బకు తమ నేతగాళ్లు పడిపోతున్నారని ఫ్రాన్సు 1686లో వాటిని నిషేధించింది, 1759 దాకా ఆ నిషేధం నడిచింది. ఇంగ్లండు 1700లో దిగుమతి ఆపుతూ ఒక చట్టం, 1721లో కట్టుకోవడం కూడా నేరమంటూ ఇంకొక చట్టం చేసింది. నూలుగుడ్డ మీద ఉతికినా దిగని రంగులు వేయడం వాళ్లకు అప్పటికి బాగా తెలియదు. ఆ రహస్యం కోసం వెతికినవాళ్లలో కోర్దూ అనే ఫ్రెంచి క్రైస్తవ ఫాదిరీ ఒకడు. తెలుగు నేర్చి, తెలుగు నిఘంటువు కూర్చినవాడు. మతం మారిన రంగుల పనివాళ్లను అడిగి పద్ధతంతా తెలుసుకుని, 1742లో తన దేశానికి ఉత్తరం రాశాడు. చెప్పినవాళ్ల పేర్లు మనకు మిగల్లేదు, రాసినవాడి పేరు మిగిలింది. మా ఇళ్లవాళ్లు నింపిన చీర మీద వాళ్ల పేరు లేకపోవడం కొత్త సంగతేమీ కాదని ఇది చదివినప్పుడు మాకు తోచింది.

తర్వాత దెబ్బ రసాయనశాస్త్రం నుంచి వచ్చింది. 1856లో లండన్‌లో విలియం పెర్కిన్ అనే 18 ఏళ్ల విద్యార్థి మలేరియా మందు క్వినైన్ తయారు చేయబోయి ఊదారంగు కనిపెట్టాడు. మన ఇంటర్ రెండో సంవత్సరం వయసు! మరుసటి ఏడే తండ్రి పెట్టుబడితో ఫ్యాక్టరీ మొదలుపెట్టాడు. కొద్ది సంవత్సరాల్లో మంజిష్ఠ ఎరుపును జర్మనీ శాస్త్రవేత్తలు కృత్రిమంగా చేశారు, 1897లో కృత్రిమ నీలిమందు బజారుకొచ్చింది. వేర్లు తవ్వేవాళ్లు, నీలి పండించేవాళ్లు వెనకబడిపోయారు. ఇరవయ్యో శతాబ్దం సగానికి శ్రీకాళహస్తిలో ఈ పని తెలిసినవాళ్లు చాలా కొద్దిమంది మిగిలారు.

అప్పుడు అఖిల భారత హస్తకళల బోర్డు తరఫున కమలాదేవి చటోపాధ్యాయ పూనుకోవడంతో 1950ల్లో ఇక్కడ శిక్షణ కేంద్రం వచ్చింది. పాత పనివాడు జొన్నలగడ్డ లక్ష్మయ్య గారు కొత్తవాళ్లకు నేర్పారు. ఆయన కుమారుడు గురప్పచెట్టి గారికి 2008లో పద్మశ్రీ వచ్చింది. మన చుట్టుపక్కల పల్లెల ఆడవాళ్లకు ఈ పని నేర్పించి మార్కెట్ చూపించిన 'ద్వారక' సంస్థ వ్యవస్థాపకురాలు అనితారెడ్డి గారికి 2011లో పద్మశ్రీ వచ్చింది. ఇప్పుడు మనం చూస్తున్న జాకెట్లు, చున్నీల ఫ్యాషన్ వెనక ఈ కథంతా ఉంది.

'శ్రీకాళహస్తి కలంకారీ' అనే పేరుకు భౌగోళిక గుర్తింపు, అంటే జి.ఐ. కూడా వచ్చింది. ఇది 1999 చట్టం ప్రకారం ఇచ్చేది, ఆ చట్టం 2003 సెప్టెంబరు నుంచి అమల్లో ఉంది. ఇక్కడొక మెలిక ఉంది. జి.ఐ. ఊరికి వచ్చినంత మాత్రాన ఆ ఊళ్లో పనిచేసే ప్రతి ఒక్కరికీ వచ్చినట్టు కాదు. తయారుచేసేవాళ్లు అధీకృత వినియోగదారులుగా ఎవరికి వారు పేరు నమోదు చేయించుకోవాలి. ఫారం నింపడం రాక ఆగిపోయే కుటుంబాలకు మన హాస్టల్‌లో చదివిన ఎవరైనా ఒక పూట కూర్చుని నింపిపెట్టవచ్చు. ఇంకొక సంగతి, ఈ చట్టం కాపాడేది పేరునే. మన డిజైన్ ఫోటో తీసి ప్రింటు వేసి, 'శ్రీకాళహస్తి' అనే మాట లేకుండా అమ్ముకునేవాడిని దీంతో ఆపడం కష్టం.

ఇప్పుడు డబ్బు సంగతి. ఈ కింది అంకెలు లెక్క నేర్చుకోవడానికి మేము వేసుకున్నవి మాత్రమే, ఎవరి ఖాతా పుస్తకంలోవీ కావు. గుడ్డ 1500 రూపాయలు, కరక్కాయ, పాలు, రంగులు, కట్టెలు 600. బొమ్మ గీసేవాళ్లకు 4 రోజులు, రోజుకు 700 చొప్పున 2800. రంగులు నింపే ఇద్దరు ఆడవాళ్లకు 6 రోజులు, మనిషికి రోజుకు 400 చొప్పున 4800. ఉతకడం, ఉడకబెట్టడం 3 రోజులు, 600 చొప్పున 1800. మొత్తం 11,500. చాలామంది లెక్క ఇక్కడితో ఆపేసి, 13,000కు అమ్మితే 1500 లాభం అనుకుంటారు.

ఆగండి. పది చీరల్లో ఒకటి పాడైందనుకుందాం. పదింటి ఖర్చు 1,15,000 తొమ్మిదింటి మీద పడాలి. ఒక్కొక్కటి దాదాపు 12,780 అవుతుంది. వ్యాపారి చీరలు తీసుకుపోయి మూడు నెలలకు డబ్బిస్తాడు. ఈలోపు కూలీలకు ఇవ్వడానికి వందకు రెండు రూపాయల వడ్డీకి తెస్తే ఇంకో 767 కలుస్తుంది. ఇప్పుడు చీర ఖర్చు 13,500 దాటింది. అంటే 13,000కు అమ్మినవాడు ఒక్కో చీర మీద 500కు పైగా నష్టపోయాడు, తన సొంత కష్టానికి కూలి కట్టుకోకుండానే. ఆ నష్టం చివరికి ఎవరి మీద పడుతుంది? గుడ్డ ధర తగ్గదు, పాల ధర తగ్గదు. తగ్గించగలిగేది రంగులు నింపే ఆడవాళ్ల కూలి ఒక్కటే. ఏ ఊళ్లోనైనా వ్యాపారం ఇలాగే కింది మెట్టును నొక్కుతుంది.

అందుకని కామర్సు చదివే అన్నలకు మా విన్నపం. ఇంట్లో ఈ పని ఉంటే ఒక నోటుబుక్కు పెట్టించండి. ఎన్ని రోజులు, ఎవరు, ఎంత, ఎప్పుడు చేతికొచ్చింది, ఎన్ని పాడయ్యాయి అని రాస్తే చాలు. ధర అడిగే ధైర్యం ఆ పుస్తకం నుంచే వస్తుంది. ఒక్క చీరకు నెల రోజులు పెట్టుబడి ఇరుక్కునే బదులు చున్నీలు, జాకెట్ ముక్కలు, గోడకు తగిలించే చిన్న బొమ్మలు చేస్తే డబ్బు త్వరగా తిరుగుతుంది. పాడైన చీరలో బాగున్న భాగం సంచి అవుతుంది.

పర్యావరణానికి మంచిదని ఇప్పుడు నగరాల్లో ఈ బట్టను మెచ్చుకుంటున్నారు. నిజమే, కరక్కాయ నీళ్లు, పాల నీళ్లు రసాయన రంగుల మురుగు లాంటివి కావు. అయినా ఉడకబెట్టడానికి కట్టెలు కావాలి, జాడించడానికి బోలెడు నీళ్లు కావాలి. స్వర్ణముఖిలో వానలు పడ్డ రోజుల్లో తప్ప నీళ్లెక్కడివి? మిగతా కాలమంతా ఇసుకే. బోరు నీళ్లతో తొట్లలో జాడించాల్సి వస్తోంది. ఉప్పునీళ్ల బోరైతే రంగు తేడా వస్తుంది. నదిలో ఇసుక తోడడం, చెత్త పోయడం గురించి మాట్లాడకుండా కలంకారీని కాపాడదామంటే ఆ మాట నిలవదు.

పూర్వ విద్యార్థులలో బెంగళూరు, చెన్నై, హైదరాబాదుల్లో ఉద్యోగాలు చేస్తున్నవాళ్లు పెళ్లిళ్లకు, పండుగలకు కొనేటప్పుడు దుకాణంలో రెండు ప్రశ్నలు అడగండి: ఇది చేత్తో గీసిందా, రంగులు దేనివి? జవాబు బిల్లు మీద రాసిమ్మనండి. ఊరికి వచ్చినప్పుడు నేరుగా పనిచేసేవాళ్ల దగ్గరే కొంటే ఇంకా మేలు, చీర వెనక ఎవరున్నారో కళ్లారా చూస్తారు.

కొన్న తర్వాత జాగ్రత్తలు కొన్ని ఉన్నాయి. మొదట విడిగా, చన్నీళ్లలో ఉతకాలి. సోడా, బ్లీచింగ్ తగలనివ్వకూడదు. పిండకుండా నీడన ఆరేయాలి. నిమ్మరసం పడకుండా చూసుకోవాలి, ఇనుముతో వచ్చిన నలుపును నిమ్మపులుపు తినేస్తుంది, నల్లగీత వెలిసిపోతుంది. పెళ్లి భోజనాలకు కట్టుకుపోయేవాళ్లు నిమ్మకాయ ముక్కను పక్కవాళ్ల ఆకులో వేసేయండి!