ఉద్దానం తీరాన కాంతి మనుషులు

హౌరా–చెన్నై రైలుమార్గంలో పలాస పేరున్న స్టేషన్. ఎక్స్‌ప్రెస్ ఆగుతుంది, జనం జీడిపప్పు పొట్లాలు కొనుక్కుంటారు, రైలు కదిలిపోతుంది. అక్కడికి పదిహేను కిలోమీటర్ల లోపే అక్కుపల్లి శివసాగర్ తీరం ఉంది. ఉత్తరాన బారువలో లైట్‌హౌస్ ఉంది, ఆ ఒడ్డుకు కాస్త లోపల 1917 నాటి చిల్కా అనే ఆవిరి ఓడ శకలాలు ఇంకా నీళ్లలోనే ఉన్నాయి. దక్షిణాన టెక్కలి దగ్గర తేలినీలాపురంలో గూడబాతులు ఊరి చెట్ల మీదే గూళ్లు కట్టి పిల్లల్ని పెంచుతాయి. రావివలసలో ఎండల మల్లన్నకు గుడికప్పు లేదు, లింగం ఎండలోనే ఉంటుంది. పగలు చూడడానికి ఇన్ని ఉన్నాయి. చీకటి పడితే చూడడానికి ఏమీ లేదు, అందుకే వచ్చినవాళ్లు సాయంత్రానికి తిరుగుముఖం పడతారు. రాత్రి ఉండని యాత్రికుడి వల్ల ఊరికి మిగిలేది టీ డబ్బులే.

అందుకని చీకట్లోనే పనిచేసే ఒక వస్తువును ఇక్కడ కట్టుకోవచ్చా అని ఆలోచిస్తున్నాను. హోలోగ్రాం కచేరీశాల. వేదిక మీద మనిషి ఉండడు, అయినా నిలువెత్తు మనిషి పాడుతూ కనిపిస్తాడు. 2012లో అమెరికాలోని కోచెల్లా సంగీతోత్సవంలో, 1996లోనే హత్యకు గురైన ర్యాప్ గాయకుడు టుపాక్ అలా వేదికెక్కాడు. అదే 2012లో గుజరాత్ ఎన్నికల్లో, తర్వాత 2014 సార్వత్రిక ఎన్నికల్లో నరేంద్ర మోదీ ఒక్కచోట ప్రసంగించి అనేక ఊళ్లలో ఒకేసారి కనిపించింది కూడా ఈ పద్ధతిలోనే. అది ఎలా పనిచేస్తుందో తెలిస్తే, పలాస చుట్టూ ఉన్న ఈ ఉద్దానంలో అది ఎక్కడ నిలుస్తుందో, ఎక్కడ నిలవదో కూడా తెలుస్తుంది.

దీని మూలం చాలా పాతది. 1862 డిసెంబర్ 24న లండన్‌లోని రాయల్ పాలిటెక్నిక్ ఇన్‌స్టిట్యూషన్‌లో డికెన్స్ కథ ఒకటి ప్రదర్శించారు. అందులో దయ్యం రంగస్థలం మీద నిలబడింది, దాని ఒంటిలోంచి వెనక ఉన్న సామాను కనిపించింది. ఊహ హెన్రీ డర్క్స్ అనే ఇంజనీరుది. దాన్ని మామూలు నాటకశాలల్లో ఇమిడేలా మార్చినవాడు జాన్ హెన్రీ పెప్పర్, అందుకే అది పెప్పర్ దయ్యంగా పేరుపడింది. రాత్రిపూట వెలుగున్న రైలు పెట్టెలో కూర్చుని కిటికీలోంచి చూస్తే మన ముఖం బయటి పొలాల్లో తేలుతూ కనిపిస్తుంది కదా, కిటుకంతా అదే. రంగస్థలం ముందు పెద్ద గాజు పలకను ఏటవాలుగా నిలబెట్టారు. ప్రేక్షకులకు కనపడని గోతిలో నటుడు నిలబడితే, అతని మీద బలమైన వెలుగు వేశారు. గాజుకు అతను ఇవతల ఎంత దూరంలో ఉన్నాడో, ప్రతిబింబం అవతల అంతే దూరంలో కనిపించింది.

ఇవాళ గాజు బదులు పలచని ప్లాస్టిక్ పొర, నటుడి బదులు ప్రొజెక్టర్ లేదా ఎల్‌ఈడీ తెర. పొరను 45 డిగ్రీల వాలులో బిగిస్తారు, బొమ్మ నేల మీదో పైకప్పులోనో దాగి ఉంటుంది. పారదర్శకమైన పలక తన మీద ఆ కోణంలో పడ్డ కాంతిలో దాదాపు పదో వంతే తిప్పి పంపుతుంది, మిగతాది దాటిపోతుంది. కాబట్టి దాచిన బొమ్మ, మనకు కనిపించాల్సిన మనిషికన్నా పది రెట్లు వెలుగుతో ఉండాలి, శాల మాత్రం చీకటిగా ఉండాలి. 2022 జనవరి 23న ఇండియా గేట్ దగ్గర నేతాజీ బొమ్మను 28 అడుగుల ఎత్తున కాంతితో నిలబెట్టినప్పుడు, అది వేరే రకం పారదర్శక తెరే అయినా, 30,000 ల్యూమెన్ల ప్రొజెక్టర్ కావలసి వచ్చింది. ఆరుబయట పని ఎంత బరువో ఆ అంకె చెబుతుంది.

శాస్త్రం లెక్క ప్రకారం ఇవాళ్టి ఈ ప్రదర్శనలేవీ హోలోగ్రాములు కావు, చదునైన బొమ్మలు. అసలైన హోలోగ్రఫీని 1947లో డెన్నిస్ గాబర్ కనిపెట్టాడు, 1971లో నోబెల్ అందుకున్నాడు. మామూలు ఫొటో కాంతి ఎంత బలంగా వచ్చిందో మాత్రమే రాసుకుంటుంది. హోలోగ్రాం, ఆ కాంతి అల ఏ దశలో ఉందో కూడా రాసుకుంటుంది. వస్తువు మీద పడి వచ్చిన లేజర్ కాంతినీ, నేరుగా వచ్చిన లేజర్ కాంతినీ ఫిల్ము మీద కలిపితే, వెంట్రుకకన్నా ఎన్నో రెట్లు సన్నని చారలు ఏర్పడతాయి. ఆ చారల్లో వస్తువు లోతు మొత్తం దాగి ఉంటుంది. తలను పక్కకు జరిపితే వస్తువు పక్కభాగం కనిపిస్తుంది. మద్యం సీసా మూత మీద ఎక్సైజ్ శాఖ అంటించే మెరుపు బిళ్లలో ఉన్నది ఈ జాతి హోలోగ్రామే.

మరి దాన్నే వేదిక మీదికి ఎందుకు తేలేకపోతున్నాం? రెండు మీటర్ల ఎత్తు, మీటరు వెడల్పు ఉన్న కదిలే హోలోగ్రాం కావాలనుకుందాం. చారలు నిలవాలంటే చుక్కకూ చుక్కకూ మధ్య అర మైక్రాన్ దూరమే ఉండాలి. నిలువున 40 లక్షల చుక్కలు, అడ్డంగా 20 లక్షలు. హెచ్చవేస్తే 8 లక్షల కోట్లు. ఇంట్లోని 4కె టీవీలో ఉండేవి 83 లక్షల చుక్కలు. సెకనుకు పాతికసార్లు అన్ని చుక్కలు మార్చగల తెర ఇప్పటికి ప్రపంచంలో లేదు.

2022 మే 27న లండన్‌లో తెరిచిన అబ్బా వాయేజ్ కచేరీశాల ఈ అడ్డంకిని ఇంకో దారిలో దాటింది. స్వీడన్‌కు చెందిన అబ్బా బృందంలోని నలుగురూ ఐదు వారాలపాటు కదలికలు పట్టే దుస్తులు వేసుకుని 160 కెమెరాల మధ్య పాడారు. ఆ కదలికలతో వాళ్ల యవ్వన రూపాలను కంప్యూటర్‌లో తయారుచేసి, 6.5 కోట్ల చుక్కల తెర మీద చూపిస్తారు. పక్కన పదిమంది వాద్యగాళ్లు నిజంగానే నిలబడి వాయిస్తారు. చూసేవాళ్ల కళ్లు తెరనూ మనుషులనూ కలిపేసుకుంటాయి. మూడు వేలమంది పట్టే ఆ శాలకూ ప్రదర్శనకూ కలిపి 14 కోట్ల పౌండ్లు ఖర్చయింది, అప్పటి మారకంలో 1,300 కోట్ల రూపాయలకు పైనే. ఉద్దానానికి హిరమండలం నుంచి మంచినీళ్లు తెచ్చిన పథకం ఖర్చు 700 కోట్లు. కిడ్నీ వ్యాధితో తరాలు చితికిపోయిన నేల ఇది. పలాసలో 200 పడకల ఆసుపత్రి, కిడ్నీ పరిశోధన కేంద్రం తెరుచుకున్నది 2023 డిసెంబర్‌లోనే. ఇక్కడ లండన్ శాల గురించి ఆలోచించడమే తప్పు. 1862 నాటి ఆ ఏటవాలు పలక మాత్రం మనకు అందుబాటులోనే ఉంది.

అయితే ఎక్కడ కట్టాలి? చెప్పగానే అందరి చూపూ ఇసుక మీదికే పోతుంది, వెనక అలలు ఉండాలంటారు. నేను ఒప్పుకోను. గాలి సంగతి చూడండి. పొర ఒక డిగ్రీ ఊగితే ప్రతిబింబం రెండు డిగ్రీలు తిరుగుతుంది, అది అద్దం ధర్మం. ఐదు మీటర్ల దూరంలో ఆ రెండు డిగ్రీలు 17 సెంటీమీటర్లు. సాయంత్రం సముద్రపు గాలి కొట్టినప్పుడల్లా పాడే మనిషి జానెడు పక్కకు జరుగుతుంటే ఎవరు నమ్ముతారు? ఇక తుపాను. 2018 అక్టోబర్ 11 తెల్లవారుజామున తిత్లీ పలాస దగ్గర తీరం దాటినప్పుడు గాలి వేగం గంటకు 150 కిలోమీటర్ల దాకా ఉంది. వేగం రెట్టింపైతే ఒత్తిడి నాలుగింతలవుతుంది. 150 దగ్గర ప్రతి చదరపు మీటరు మీదా వంద కిలోలకు పైగా తోపు పడుతుంది. ఆరు మీటర్లకు నాలుగు మీటర్ల తెర మీద అది రెండున్నర టన్నులు. ఆ రాత్రి ఉద్దానంలో కొబ్బరి, జీడి, పనస తోటలు ఏమయ్యాయో చూసినవాళ్లకు ఈ లెక్క కూడా అక్కర్లేదు.

గాలికన్నా మొండిది ఉప్పు. అలలు విరిగినప్పుడు లేచే తుంపరలు ఆరిపోయి, కంటికి కనపడని ఉప్పు రేణువులుగా గాలిలో తిరుగుతాయి. గాలిలో తేమ 75 శాతం దాటితే ఉప్పు తనంతట తానే నీరు పీల్చుకుని కరిగిపోతుంది. నౌపడ ఉప్పు మళ్లలో పనిచేసేవాళ్లకు ఇది ఒంటితో తెలిసిన సంగతి, వాన మొహం పెట్టిన రోజు కుప్ప చెమ్మగిలుతుంది. అదే రేణువు ఎల్‌ఈడీ తెర వెనక రెండు సన్నని తీగల మధ్య కూర్చుంటే? ఉప్పునీరు కరెంటును పోనిస్తుంది, లోహాన్ని తినేస్తుంది. ఈ తీరంలో తేమ ఆ గీత దాటే రోజులు చాలా ఎక్కువ. ఒడ్డు నుంచి లోపలికి పోయేకొద్దీ ఉప్పు గబగబా తగ్గిపోతుంది, సరుగుడు తోటలు అడ్డం ఉంటే ఇంకా తగ్గుతుంది.

ఇంకొకరు కూడా ఉన్నారు ఈ ఒడ్డున. ఆలివ్ రిడ్లే తాబేళ్లు ఏటా జనవరి నుంచి ఏప్రిల్ దాకా శ్రీకాకుళం తీరంలో ఇసుక తవ్వి గుడ్లు పెడతాయి. నలభై అయిదు నుంచి అరవై రోజులకు పిల్లలు రాత్రిపూట బయటికి వస్తాయి. దారి చూపేవాళ్లు ఉండరు. ఎటువైపు దిగంతం వెలుగుగా ఉంటే అటు నడుస్తాయి, చీకటి రాత్రి నేలకన్నా సముద్రమే వెలుగు కాబట్టి. ఒడ్డున కచేరీ దీపాలు పెడితే ఆ పిల్లలు నేలవైపు నడిచి, ఎండిపోయి, కుక్కలకూ కాకులకూ చిక్కి చస్తాయి. అటవీ శాఖ, ఊళ్లలోని కుర్రాళ్లు రాత్రులు కాపలా కాసి గుడ్లను పొదుగు కేంద్రాలకు చేరుస్తున్న తీరంలో మనం చేయకూడని పని ఇది. తాబేళ్లు గుడ్లు పెట్టే చోట్లను తీర నియంత్రణ నిబంధనలు అత్యంత సున్నిత ప్రాంతాల్లో చేర్చాయి కూడా.

కనుక అక్కుపల్లి నుంచి పలాస వచ్చే దారిలో, తీరానికి నాలుగైదు కిలోమీటర్లు లోపల కట్టాలి. మందపాటి గోడలు, ఎత్తయిన పునాది, కిటికీలు లేని మూడువందల కుర్చీల శాల. ఆ లక్షణాలు తుపాను ఆశ్రయానికి కావలసినవే. గాలి ఆడేందుకు మూతలున్న వెంటిలేటర్లు, మరుగుదొడ్లు, మంచినీటి ట్యాంకు, పైన సోలార్ పలకలు కలిపితే చాలు. తిత్లీ తర్వాత ఉద్దానం ఊళ్లు రోజుల తరబడి కరెంటు లేక అల్లాడాయి. ప్రదర్శన కోసం పెట్టుకున్న బ్యాటరీలు అలాంటి రోజున ఫోన్లకూ ఫ్యాన్లకూ మందుల ఫ్రిజ్‌కూ పనిచేస్తాయి. తాబేళ్లు ఒడ్డుకొచ్చే నెలల్లో ప్రేక్షకుల బస్సులు తీరం రోడ్డు ఎక్కకూడదన్న షరతు మొదటిరోజే రాసుకోవాలి.

ఇక ఎవరిని చూపించాలి? సినిమా గాయకుల రూపాలు కొని తెస్తే మొదటి నెల కిటకిటలాడుతుంది. కానీ అవి విశాఖలోనూ చూపిస్తారు, హైదరాబాద్‌లోనూ చూపిస్తారు, అందుకోసం పలాసలో ఎవరూ దిగరు. హక్కుల చిక్కు వేరే ఉంది. ఎస్పీ బాలసుబ్రహ్మణ్యం చనిపోయాక ఆయన గొంతును ‘కీడా కోలా’ సినిమా కోసం కృత్రిమ మేధతో సృష్టించారని కుమారుడు చరణ్ లీగల్ నోటీసు ఇచ్చిన సంగతి 2024లో అందరూ విన్నదే. ఏఆర్ రెహమాన్ ‘లాల్ సలామ్’ పాటలో ఇద్దరు దివంగత గాయకుల గొంతులు వాడినప్పుడు కుటుంబాల అనుమతి తీసుకుని, పారితోషికం ఇచ్చామని చెప్పాడు. అది సరైన పద్ధతి.

పలాసలోనే దొరికేది వేరు. తప్పెటగుళ్లు ఉన్నాయి. గుండె మీద కట్టుకున్న గుండ్రని రేకులను రెండు చేతులా వాయిస్తూ, కాళ్ల గజ్జెలతో పదిహేను ఇరవైమంది వలయంగా తిరుగుతూ ఎగిరి ఆడతారు. జముకుల కథ ఉంది. జముకు అనే వాద్యం అడుగున చర్మం, దాని నడుమ నుంచి ఒక తీగ. తీగను లాగి మీటుతుంటే బిగువుతోపాటు స్వరం ఎక్కుతుంది, వదిలితే దిగుతుంది. 1969 డిసెంబర్‌లో పోలీసు కాల్పుల్లో చనిపోయిన బొడ్డపాడు కవి సుబ్బారావు పాణిగ్రాహి తన మాటను ఉద్దానం జనంలోకి తీసుకెళ్లింది ఈ రూపంతోనే.

ఇక్కడ భౌతికశాస్త్రం అడ్డొస్తుంది. పెప్పర్ పలకలో కనిపించే తెర బొమ్మకు లోతు లేదు. ఒక్కడే నిలబడి పాడితే, ఎనిమిది పది మీటర్ల దూరం నుంచి చూసేవాళ్ల రెండు కళ్లకూ అందే తేడా చాలా స్వల్పం కాబట్టి మెదడు మోసపోతుంది. తప్పెటగుళ్ల వలయంలో మాత్రం ఒకడు ముందుకొస్తాడు, ఒకడు వెనక్కి పోతాడు, ఒకరినొకరు కమ్ముకుంటారు. చదును బొమ్మలో ఆ వలయం నలిగిపోతుంది. అందుకని వలయంలో బతికున్న కుర్రాళ్లే ఆడాలి. పలక మీద, వలయం వెనక, వాళ్లకు అడుగులు నేర్పిన గురువు ఒక్కడే నిలబడి పాడాలి. లండన్‌లో పదిమంది వాద్యగాళ్లు చేస్తున్న పనే ఇక్కడ ఈ కుర్రాళ్లు చేస్తారు, జీతానికి. మత్స్యకార ఊళ్ల నుంచి ఏటా నెలల తరబడి గుజరాత్‌లోని వెరావల్ పడవల మీదికి పోయే యువకులున్న తీరంలో ఆ జీతాలే ఈ శాల కట్టడానికి నాకు కనిపించే అసలు కారణం.

గురువును రికార్డు చేసే పని శాల కట్టాక అయ్యేది కాదు. చుట్టూ కెమెరాలు పెట్టి అన్ని కోణాల నుంచి ఒకేసారి తీస్తే, కంప్యూటర్‌లో ఆయన రూపం లోతుతో సహా నిలుస్తుంది. ఇవాళ దాన్ని ఏటవాలు పొర మీద చూపిస్తాం, ఎప్పుడో 8 లక్షల కోట్ల చుక్కల తెర వచ్చిన నాడు అదే రికార్డింగు నుంచి అసలైన హోలోగ్రాం తీయవచ్చు. తీయని రికార్డింగును మాత్రం ఏ తెరా తిరిగి ఇవ్వదు. మన కాపీరైట్ చట్టం ప్రదర్శకుడికి 50 ఏళ్ల హక్కు ఇస్తోంది. ఒప్పందం తెలుగులో రాసి, చదివి వినిపించి, ప్రతి ప్రదర్శన రాబడిలో వాటా ఆయన పేరా, తర్వాత ఆయన వారసుల పేరా జమయ్యేలా చూడాలి.

దీనికి కోట్లు అక్కర్లేదు. పలాసలో అద్దెకు ఒక జీడి గోదాము, గోడలకు నల్లగుడ్డ, నీడ పడకుండా వెలుగునిచ్చే దీపాలు, ఒకే గడియారానికి కట్టిన కెమెరాలు, తేమ పీల్చే యంత్రం, జముకు తీగకు దగ్గరగా ఒక మైకు, రేకుల కోసం ఇంకొకటి. విశ్వవిద్యాలయమో సాంస్కృతిక శాఖో పూనుకుంటే సంక్రాంతి వెళ్లాక మొదలుపెట్టవచ్చు. జాబితాలో వయసు పైబడినవాళ్ల పేర్లు ముందు రాయాలి.