మీ ఇంటి గుర్తు రాసి పెట్టుకున్నారా?

అర్ధరాత్రి ఇంట్లో పెద్దవారికి మాట తడబడుతుంది, మూతి వంకర పోతుంది. 108కి ఫోను చేస్తాం. "ఇల్లు ఎక్కడండీ?" అని అడుగుతారు. "వాటర్ ట్యాంకు పక్క సందు" అంటాం. ఆ పేటలో ట్యాంకులు రెండు ఉంటే? పక్షవాతంలో గడ్డను కరిగించే మందును సాధారణంగా నాలుగున్నర గంటలలోపే ఇవ్వాలి. సందులు వెతకడంలో పోయిన సమయం తిరిగి రాదు.

పిన్ కోడ్ ఉంది కదా అనవచ్చు. 1972 ఆగస్టు 15న మొదలైన ఈ ఆరంకెల సంఖ్య ఉత్తరాలు పంచే పోస్టాఫీసును చెబుతుంది గాని ఇంటిని చెప్పదు. ఒక్క పిన్ కింద ఎన్నో వీధులు, ఊళ్ళు ఉంటాయి.

ఇంటిని చూపే కోడ్‌లు

ప్లస్ కోడ్: గూగుల్ సంస్థ రూపొందించింది. సుమారు 14 మీటర్ల చదరాన్ని చూపుతుంది. సున్నా, ఒకటి, ఓ, ఐ వంటి తికమక పెట్టేవి ఇందులో ఉండవు గనుక ఫోనులో చదివి చెప్పడం తేలిక.

డిజిపిన్: తపాలా శాఖ ఐ.ఐ.టి. హైదరాబాదు, ఇస్రోవారి జాతీయ రిమోట్ సెన్సింగ్ కేంద్రంతో కలిసి తయారు చేసి, 2025లో ప్రజలకు అందించింది. పది అక్షరాలు, అంకెలతో సుమారు 4 మీటర్ల చదరాన్ని చూపుతుంది.

రెండూ ఉచితమే. డోర్ నంబరు లేని ఇంటికి, పొలానికి కూడా ఉంటాయి.

ఎలా తెలుసుకోవాలి?

1. ఫోనులో లొకేషన్ ఆన్ చేసి, గేటు బయట నిలబడండి. ఇంటి లోపల గుర్తు పక్కకు జరగవచ్చు.
2. గూగుల్ మ్యాప్‌లో మీ ఇంటిమీద వేలు కాసేపు నొక్కి ఉంచండి. వివరాలలో ప్లస్ గుర్తుతో కోడ్ కనిపిస్తుంది.
3. దానిని ఊరి పేరుతో సహా రాసుకోండి. మరొకరి ఫోనులో వేసి, మీ ఇల్లే చూపుతుందో లేదో సరిచూడండి.
4. పెద్ద అక్షరాలతో రాసి తలుపు వెనుక అంటించండి.

108కి ముందుగా ఊరు, వీధి, అందరికీ తెలిసిన గుర్తు చెప్పండి. డ్రైవరు ఫోను చేసినప్పుడు కోడ్ కూడా ఇవ్వండి. ఎన్నో అంతస్తో కోడ్ చెప్పదు. అది మీరే చెప్పాలి. వీలైతే ఒకరు రోడ్డుమీదకు వెళ్ళి నిలబడాలి.

ఆసుపత్రి, రక్తనిధి వెతకాలంటే

2012లో మొదలైన కేంద్ర ప్రభుత్వ బహిరంగ సమాచార వెబ్‌సైటు డేటా.గవ్.ఇన్‌లో ఆసుపత్రులు, రక్తనిధుల పట్టికలు ఉన్నాయి. చిరునామా, పిన్ కోడ్‌తో వెతకవచ్చు. అయితే మీ పిన్‌లో ఏదీ కనిపించకపోతే నిరాశపడవద్దు. రోడ్డు దాటితే పిన్ మారిపోవచ్చు. అతి దగ్గరిది పక్క పిన్‌లో ఉండవచ్చు. పట్టికలోని అక్షాంశ రేఖాంశాలను మ్యాప్‌లో వేస్తే అసలు దూరం తెలుస్తుంది. పట్టికలు పాతబడుతుంటాయి గనుక బయలుదేరేముందు ఫోను చేయండి.

ఒక జాగ్రత్త: ఈ కోడ్ మీ గుమ్మం వరకు దారి చూపుతుంది. అపరిచితులకు ఇవ్వకండి.

ఈ పని పది నిమిషాలకు మించదు. ఒంటరిగా ఉండే పెద్దలకు, నెలలు నిండిన తల్లులకు ఇంట్లోని పిల్లలే చేసిపెట్టవచ్చు. ఈ ఆదివారమే చేయించండి.