నేనేం ఎక్కించలే తాతా!

దిల్‌సుఖ్‌నగర్ మెట్రో స్టేషన్ మెట్లు దిగుతుంటే చేతిలో పెట్టే కరపత్రాల్లో సగం కంప్యూటర్ కోర్సులవే. జావా, పైథాన్, టెస్టింగ్, డేటా సైన్స్, డెమో క్లాసు ఫ్రీ. అక్కణ్ణుంచి చైతన్యపురి, కొత్తపేట మీదుగా ఎల్బీనగర్ చౌరస్తా దాకా హాస్టళ్ళు, జిరాక్స్ షాపులు, రిపేరు షాపులు. ఇంతమంది కంప్యూటర్ చదువు చదివే చోట ఇంట్లో కంప్యూటర్‌కి మాత్రం ఎప్పుడూ ఏదో ఒక రోగం. మా అపార్ట్‌మెంట్లో రిటైరైన ఎలక్ట్రానిక్స్ మాస్టారిని నేనొక్కణ్ణే. అందుకని లాప్‌టాప్ చంకన పెట్టుకుని ఎవరో ఒకరు తలుపు కొడుతూనే ఉంటారు.

అందరిదీ ఒకటే మాట. "నేనేం ఎక్కించలే తాతా, దానంతటదే వచ్చింది."

దానంతటదే వచ్చేవి లేకపోలేదు. వాటి జాతి వేరు. జిరాక్స్ షాపులో ప్రింటు కోసం పెట్టిన పెన్‌డ్రైవ్ ఇంటికొచ్చేసరికి ఫోల్డర్లన్నీ షార్ట్‌కట్లుగా మారిపోతాయి చూశారూ, అది అచ్చంగా వైరస్ పని. ఫైళ్ళు ఎక్కడికీ పోవు, వాటిని దాచేసి పైన నకిలీ గుర్తులు పెడుతుంది. కంగారుపడి పెన్‌డ్రైవ్ ఫార్మాట్ చేస్తేనే ఫైళ్ళు నిజంగా పోతాయి. ఇవాళ చెప్పదలుచుకున్నది దాని సంగతి కాదు. అడగని టూల్‌బార్, మనం పెట్టని వెతుకుడు పేజీ, ఎవరు తెచ్చారో తెలియని పీసీ క్లీనర్, వీటి సంగతి. ఇవి దొంగదారిన రావు, మన చేత "సరే" అనిపించుకునే వస్తాయి.

పెళ్ళి పంక్తిలో ముక్కూమొహం తెలియని మనిషి దర్జాగా కూర్చుని పప్పన్నం కలుపుకుంటుంటాడు. ఆడపెళ్ళివారు మగపెళ్ళివారి తాలూకనుకుంటారు, వాళ్ళు వీళ్ళ తాలూకనుకుంటారు. ఇంటిల్లిపాదీ వాడే కంప్యూటర్‌లో సరిగ్గా ఇదే వరస. కొడుకు ఎక్కించాడేమోనని తండ్రి, విండోస్‌తోనే వచ్చిందేమోనని కొడుకు. అడిగేవాడు లేడు కనక రెండేళ్ళయినా వడ్డన సాగుతూనే ఉంటుంది.

మొన్నామధ్య మూడో అంతస్తు అమ్మాయి లాప్‌టాప్ పట్టుకొచ్చింది. కాలేజీ పత్రికకి తెలుగులో వ్యాసం టైపు చేయాలట. తెలుగు టైపింగ్ సాఫ్ట్‌వేర్ ఉచితంగా కావాలని వెతికింది. ఆ పేజీ మళ్ళీ తెరిపించి చూశాను. డౌన్‌లోడ్ అని రాసిన పచ్చ బొత్తాలు మూడు, ఒకదాన్ని మించి ఒకటి పెద్దవి. మూడూ ప్రకటనలే. అసలు లంకె కింద, చీమతలకాయంత అక్షరాల్లో. పోనీ అదైనా సవ్యమైనదా అంటే, నొక్కగానే తెరుచుకునే పెట్టెలో ఎక్స్‌ప్రెస్ అన్న మాట లావుగా, పక్కన "సిఫారసు చేస్తున్నాం" అని. కస్టమ్ అన్న మాట వెలిసిపోయిన బూడిదరంగులో, నొక్కితే పలకదేమో అనిపించేట్టు. అది నొక్కి చూస్తే ముందే టిక్కులు పెట్టిన గడులు నాలుగు: వెతుకుడు పేజీ మార్పు, కూపన్ల ఎక్స్‌టెన్షన్, పీసీ క్లీనర్, వీడియో ప్లేయర్. ఎక్స్‌ప్రెస్ నొక్కినవాళ్ళు నాలుగింటికీ సంతకం పెట్టినట్టే.

ఇంతా చేసి ఆ పిల్లకి అసలు ఏదీ డౌన్‌లోడ్ చేయాల్సిన పనే లేదు. 2001లో వచ్చిన ఎక్స్‌పీ నాటినుంచీ విండోస్‌లో తెలుగు ఉంది, గౌతమి ఫాంటుతో సహా. సెట్టింగ్స్‌లో భాషల దగ్గరికెళ్ళి తెలుగు కలుపుకుంటే సరిపోయేది.

ఈ టిక్కు వెనక ఒక వ్యాపారం ఉంది. ఇన్‌స్టాల్‌కి ఇంతని రేటు. గూగుల్ వాళ్ళూ న్యూయార్క్ యూనివర్సిటీ వాళ్ళూ కలిసి ఏడాదిపాటు కూపీ లాగి 2016లో బయటపెట్టారు. ఒక్కో కంప్యూటర్‌లోకి ఒక్కో ప్రోగ్రామ్‌ని దూర్చినందుకు 10 సెంట్ల నుంచి ఒకటిన్నర డాలర్ దాకా ముట్టేదట. అప్పటి మారకంలో 7 రూపాయల నుంచి నూరు రూపాయల దాకా అన్నమాట, కంప్యూటర్ ఏ దేశంలో ఉందన్నదాన్ని బట్టి. గూగుల్ సేఫ్ బ్రౌజింగ్ అప్పటి లెక్కలో ఇలాంటి డౌన్‌లోడ్ ప్రయత్నాలు వారానికి 6 కోట్ల పైచిలుకు, వైరస్‌ల వంటివాటికి మూడింతలు. మరో సంగతి నాకు భలే నచ్చింది, నచ్చడమంటే ముచ్చటేసింది. ఆ ఇన్‌స్టాలర్లు ముందు కంప్యూటర్‌లో ఏ యాంటీవైరస్ ఉందో చూసుకుని, దాన్ని బట్టి ఏ సరుకు వడ్డించాలో తేల్చుకుంటాయట.

పేరున్న కంపెనీలు ఈ పని చేయవనుకోకండి. దిల్‌సుఖ్‌నగర్‌లో తరాల తరబడి పిల్లలు నేర్చుకున్న జావానే తీసుకోండి. ఒరాకిల్ వాళ్ళు మామూలు వాడకందార్లకిచ్చే జావాతోపాటు కొన్నేళ్ళు ఆస్క్ టూల్‌బార్‌ని కూడా, ముందే పెట్టిన టిక్కుతో, అంటగట్టారు. జావా ఎక్కడం అయిపోయినా టూల్‌బార్ వెంటనే కనిపించేది కాదు, పది నిమిషాలు ఊరుకుని అప్పుడు ఎక్కేది. 2013లో పత్రికలవాళ్ళు ఇది పట్టుకున్నారు. ఆ పది నిమిషాలెందుకో ఆలోచించండి. టిక్కు తీయడం మర్చిపోయానే అని నాలిక్కరుచుకుని వెంటనే జాబితా తెరిచి చూసినవాడికి అక్కడ ఏమీ కనపడదు. హమ్మయ్య అనుకుని మూసేస్తాడు. అది ఆ తర్వాత నింపాదిగా వస్తుంది.

ఒక్క సందర్భంలో మాత్రం "నేనేం ఎక్కించలే" అన్నది అక్షరాలా నిజం. 2014 చివర్లో అమ్మిన కొన్ని లెనోవో లాప్‌టాప్‌లలో సూపర్‌ఫిష్ అనే ప్రకటనల ప్రోగ్రామ్ డబ్బాలోంచి తీసేసరికే ఉండేది. బ్యాంకు పేజీలాంటి తాళం గుర్తున్న పేజీల్లోకి కూడా తొంగిచూడటానికి తన సొంత సర్టిఫికెట్‌ని విండోస్‌లో పెట్టుకునేది. 2015 జనవరిలో కంపెనీ దాన్ని ఆపేసింది, ఫిబ్రవరిలో సంగతి బయటపడి పెద్ద గొడవైంది.

మనదేశం వాటా కూడా చెప్పుకోవాలిగా. 2017 జూన్‌లో చెక్ పాయింట్ అనే భద్రతా సంస్థ ఫైర్‌బాల్ అనే బాపతుని బయటపెట్టింది. చైనాలోని ఒక ప్రకటనల కంపెనీ ఉచిత ప్రోగ్రాముల తోక పట్టించి వదిలింది. ప్రపంచమంతా 25 కోట్ల కంప్యూటర్లు, అందులో అందరికన్నా ఎక్కువగా 2.53 కోట్లు మనవేనని వాళ్ళ లెక్క. అంత లేదు, పెంచి చెప్పారని మైక్రోసాఫ్ట్ అంది. ఎవరి లెక్క నిజమైనా మొదటి స్థానం మనదంటే నాకు ఆశ్చర్యం వేయలేదు. ఉచితం అన్న మాటకి మనవాళ్ళు కరిగినంత ఎవరూ కరగరు.

మరి వీటిని వైరస్ అని రాసిపారేసి యాంటీవైరస్ తుడిచేయొచ్చు కదా? అలా చేసినందుకే జాంగో అనే అమెరికా కంపెనీ కాస్పర్‌స్కీ మీద దావా వేసింది. వాడకందారు ఒప్పుకుంటేనే ఎక్కించాం, తీసేయడానికి నువ్వెవరు అని. 2009లో అక్కడి అప్పీలు కోర్టు కాస్పర్‌స్కీ పక్షాన తీర్పిచ్చింది. అయినా భద్రతా కంపెనీలు వీటిని వేరే అరలో పెట్టి, చాలాసార్లు తీసేయమంటారా అని మనల్నే అడుగుతాయి. మైక్రోసాఫ్ట్ కూడా 2020 మే నాటి విండోస్ 10తో మామూలు జనానికి వీటిని అడ్డుకునే మీట ఒకటి ఇచ్చి, 2021 ఆగస్టు నుంచి దాన్ని తనే వేసి ఉంచుతోంది. విండోస్ సెక్యూరిటీలో యాప్ అండ్ బ్రౌజర్ కంట్రోల్, అందులో రెప్యుటేషన్ బేస్డ్ ప్రొటెక్షన్ తెరిస్తే కనిపిస్తుంది. మీ ఇంట్లో అది ఆఫ్‌లో ఉందంటే ఎవరో పనిగట్టుకుని ఆపారన్నమాట. ఎవరో తర్వాత చెబుతాను.

ఆ అమ్మాయి లాప్‌టాప్ దగ్గరికి వద్దాం. ఎవరు ఎక్కించారన్న పంచాయితీ నేను పెట్టను. ఎప్పుడు ఎక్కింది అని చూస్తాను. సెట్టింగ్స్‌లో ఇన్‌స్టాల్డ్ యాప్స్ తెరిచి తేదీల వరసలో పేర్చమన్నాను. ఆమె తెలుగు సాఫ్ట్‌వేర్ దించుకున్న సాయంత్రమే మరో మూడు, అన్నీ ఒకే తేదీన. ఒకటి తీయబోతే "మీ కంప్యూటర్‌కి రక్షణ పోతుంది, నిజంగా తీసేస్తారా?" అని ఏడుపుమొహం బొమ్మ, ఉంచు అన్న బొత్తం పెద్దది, తీసెయ్ అన్నది చిన్నది. ఆ బెదిరింపుకి లొంగి ఉంచేసుకునేవాళ్ళు ఎందరో.

అన్నీ తీసి, ఆపి, మళ్ళీ వేశాం. వెతుకుడు పేజీ మళ్ళీ ప్రత్యక్షం. "చూసినవా తాతా, దానంతటదే" అంది.

టాస్క్ షెడ్యూలర్ అని విండోస్‌లో ఒక గుమాస్తా ఉన్నాడు. ఫలానా వేళకి ఫలానా పని చెయ్యమని ఏ ప్రోగ్రామైనా అతనికి చీటీ రాసి పెట్టొచ్చు. మంచి ప్రోగ్రాములు తమ అప్‌డేట్ల కోసం రాస్తాయి. ఇవీ రాస్తాయి, పేరు మాత్రం ఏదో గొప్ప కంపెనీ అప్‌డేట్‌లా పెట్టుకుని. లాగిన్ అవగానే చూడు, నేను లేకపోతే మళ్ళీ దించు అని ఆ చీటీ సారాంశం. ప్రోగ్రామ్‌ని తీసేసినా చీటీ మిగిలిపోతుంది. చీటీ ఏ ఫైలుని పిలుస్తోందో యాక్షన్స్ అన్న చోట చూస్తే, యాప్‌డేటా ఫోల్డర్లో అర్థంపర్థంలేని అక్షరాల పేరొకటి కనిపించింది. అక్కడున్నవన్నీ చెడ్డవి కావు, కానీ పేరుకీ ఫైలుకీ పొంతన లేకపోతే అనుమానించాల్సిందే. చీటీ తీసేశాం, ఫైలూ తీసేశాం.

ఇంకోటి డెస్క్‌టాప్ మీద బ్రౌజర్ గుర్తులోనే నక్కి ఉంది. కుడిక్లిక్ చేసి ప్రాపర్టీస్ తెరిస్తే టార్గెట్ అన్న గడిలో బ్రౌజర్ ఫైలు చిరునామా, దాని చివర తోకలా వాళ్ళ వెబ్‌సైట్ పేరు. బ్రౌజర్ లోపల ఎన్ని సెట్టింగులు మార్చినా ఈ తోక ఉన్నంతకాలం ఆ పేజీయే తెరుచుకుంటుంది. అది చెరిపేశాం. బ్రౌజర్ మెనూలో "మీ సంస్థ దీన్ని నిర్వహిస్తోంది" అన్న ముక్క కనిపించింది. "ఏ సంస్థమ్మా, మీ నాన్న కిరాణా కొట్టా?" అంటే పకపకా నవ్వింది. ఆఫీసుల్లో ఉద్యోగుల బ్రౌజర్లని అదుపులో పెట్టడానికి ఉన్న వసతి అది. ఇంట్లో కంప్యూటర్‌లో కనిపిస్తే, కొన్ని యాంటీవైరస్‌ల వల్ల కూడా కావచ్చు గానీ, ఎక్కువగా ఇలాంటివాటి నిర్వాకమే. మాల్‌వేర్‌బైట్స్ వాళ్ళ యాడ్‌క్లీనర్ అని ఉచితంగా దొరుకుతుంది. దాన్ని వాళ్ళ సొంత వెబ్‌సైట్ నుంచే దించుకోవాలి. అది ఆ మిగతా చెత్తనంతా ఊడ్చింది.

కూపన్ల ఎక్స్‌టెన్షన్ మాత్రం మర్నాడు మళ్ళీ వచ్చింది. విచారిస్తే తేలిందేమిటంటే, తమ్ముడి లాప్‌టాప్‌లోనూ అదే ఉంది, వాడూ అక్క అకౌంట్‌తోనే క్రోమ్‌లోకి లాగిన్ అయ్యాడు. సింక్ పెట్టుకుంటే బుక్‌మార్కులతోపాటు ఎక్స్‌టెన్షన్లు కూడా ఒక మెషీన్ నుంచి ఇంకోదానికి పాకుతాయి. రెండుచోట్లా తీశాకే పీడ వదిలింది.

మూలన టింగుమంటూ "5 వైరస్‌లు దొరికాయి" అని వచ్చే పెట్టె అసలు ప్రోగ్రామే కాదు. ఎప్పుడో పాటల సైట్లో అలౌ నొక్కిన పుణ్యం. బ్రౌజర్ సైట్ సెట్టింగ్స్‌లో నోటిఫికేషన్స్ తెరిచి, ఆ సైటు పేరు తీసేస్తే అయిపోయింది.

తీసేయకముందు పీసీ క్లీనర్ వెయ్యికి పైగా తప్పులు చూపిస్తోందని ఆ అమ్మాయి వాళ్ళమ్మగారు మరీ బెంగపెట్టుకున్నారు. ఈ అంకెలెలా పుడతాయో ఒక ఉదాహరణ చెబుతాను. అమెరికాలో ఆఫీస్ డిపో అనే పెద్ద దుకాణాల సంస్థ, జనం తెచ్చిన కంప్యూటర్లకి ఉచితంగా ఆరోగ్య పరీక్ష చేసేది. మొదట నాలుగు ప్రశ్నలు: నెమ్మదిగా ఉందా, ప్రకటనలు వస్తున్నాయా, అలాంటివి. ఒక్కదానికి టిక్కు పెట్టినా చాలు, లోపల ఏమున్నా లేకపోయినా వైరస్ జాడలున్నాయని ఫలితం వచ్చేది. 2019లో అక్కడి ప్రభుత్వ సంస్థ ఎఫ్‌టీసీ పట్టుకుంటే, ఆ సంస్థా సాఫ్ట్‌వేర్ ఇచ్చిన కంపెనీ కలిసి 3.5 కోట్ల డాలర్లు కట్టాయి.

మనకి ఉచితంగా, మోసం లేకుండా దొరికేది ఒకటుంది, చాలామందికి తెలియదు. కేంద్ర ఐటీ శాఖ కింద సెర్ట్-ఇన్ నడిపే సైబర్ స్వచ్ఛతా కేంద్రం, 2017 ఫిబ్రవరి 21న మొదలైంది. క్విక్ హీల్ వంటి దేశీ కంపెనీల శుద్ధి పరికరాలు దాని వెబ్‌సైట్లో ఉచితంగా పెట్టారు. పెన్‌డ్రైవ్‌లకి కాపలా కాసే యూఎస్‌బీ ప్రతిరోధ్, మనం ఒప్పుకున్న జాబితాలో ఉన్న ప్రోగ్రాముల్ని మాత్రమే నడవనిచ్చే యాప్‌సంవిద్ కూడా ఆ కేంద్రం జనానికి పరిచయం చేసినవే. తయారుచేసింది ఎవరనుకున్నారు? మన సీ-డాక్ హైదరాబాద్ వాళ్ళే. ఎల్బీనగర్ నుంచి చాంద్రాయణగుట్ట మీదుగా శ్రీశైలం రోడ్డు పట్టుకుంటే పహాడీ షరీఫ్ వైపు హార్డ్‌వేర్ పార్కులో వాళ్ళ ఆఫీసు. యాప్‌సంవిద్ పద్ధతి నాకు నచ్చుతుంది. చెడ్డవాటి పేర్లు ఎన్నని రాసుకుంటాం? మనకి కావలసినవి పట్టుమని పది ఉండవు.

ఇక రిపేరు షాపు సంగతి. ఏ జబ్బుకైనా అక్కడ మొదటి మందు "ఫార్మాట్ కొట్టాలి సార్". కొన్నిచోట్ల ఫార్మాట్ కొట్టి దొంగ విండోస్ ఎక్కించి, దాన్ని నమ్మించడానికి యాక్టివేటర్ అనే ముక్క పెడతారు. అది పనిచేయాలంటే ముందు విండోస్ సొంత యాంటీవైరస్ డిఫెండర్‌ని ఆపాలి. ఇందాక ఎవరో మీట ఆపారన్నానే, సాధారణంగా వీళ్ళే. పైగా ఉచిత ప్రోగ్రాములు ఓ డజను, అన్నీ ఎక్స్‌ప్రెస్ నొక్కి. డబ్బిచ్చి మరీ కథ మొదటికి తెచ్చుకోవడం.

నిజంగానే తుడిచి మళ్ళీ మొదలుపెట్టాల్సిన సందర్భాలున్నాయి. డిఫెండర్‌ని ఎంత వేసినా తనే ఆగిపోతున్నా, మీ మెయిల్ నుంచి మీరు పంపని ఉత్తరాలు పోతున్నా ఆలోచించకండి. అప్పుడు కూడా షాపు అక్కర్లేదు. విండోస్‌లోనే రీసెట్ దిస్ పీసీ ఉంది. అన్నీ తీసెయ్ అని, క్లౌడ్ డౌన్‌లోడ్ ఎంచుకుంటే మైక్రోసాఫ్ట్ నుంచి తాజా కాపీ దిగుతుంది. అసలు విండోస్‌తో కొన్న లాప్‌టాప్ అయితే లైసెన్సు ఆ మెషీన్‌కే కట్టి ఉంటుంది, యాక్టివేటర్ల గోల లేదు. ముందుగా ఫోటోలూ సర్టిఫికెట్లూ వేరే డ్రైవ్‌లోకి తీసుకోండి. డౌన్‌లోడ్స్ ఫోల్డర్లో పేరుకున్న సెటప్ ఫైళ్ళు మాత్రం వద్దు. ఆ పని అవుతుండగానే మెయిల్, బ్యాంకు పాస్‌వర్డులు ఇంకో మెషీన్ మీద మార్చేసుకోండి.